ఓరిమి ఫలించిన జీవితము : డోర్నకల్లు బిషప్ అజరయ్య

ఓర్పును బోధింపని మతము లేదు. ఉర్దూ చదువుకొను మా విద్యార్థులు దానిని సబర్ అందురు. హజ్రత్ అయ్యూబ్ అనుభవించిన కష్టములను తలంచుకొందురు. క్రైస్తవులు ఆ భక్తునే యోబు అని పిలిచి, దీర్ఘశాంతమునకు ఆయననే ఆదర్శముగా చెప్పుకొందురు. హరిశ్చంద్రుని కథ వినని తెలుగు పల్లె యుండదు. ఇన్ని విధముల విన్నను, ఓర్పు అనగానే మనలో పెక్కుమందికి తోచునది కష్టము వచ్చినపుడు నోరు మెదపక పడియుండుట మాత్రమే. దేవుడు తనకు నియమించిన పని యేదో తెలిసికొని, దానిని ముప్పది నలువది యేండ్లు విడువక చేయుచు, ఫలము కంటబడకున్నను చేతిని వెనుకకు తీయకుండుట కూడ ఓర్పే. ఈ రెండవ విధమైన ఓర్పు మరింత కష్టమైనదని మేము తలంతుము. అట్టి ఓర్పుతో జీవించిన ఒక మహనీయుని చరిత్రను ఈ సంచికలో పాఠకుల ముందుంచుచున్నాము. ఆయన డోర్నకల్లు బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య.

వల్లూరు ఎక్కడ, డోర్నకల్లు ఎక్కడ అని కొందరు అడుగవచ్చును. మన కడప, జమ్మలమడుగు ప్రాంతములలో తిరిగినవారు పెక్కు చర్చిల ద్వారములమీద సి.ఎస్.ఐ. అను మూడక్షరములను చూచియుందురు. దక్షిణ ఇండియా సంఘము అని వాని అర్థము. 1822లో కడపలో పని ప్రారంభించి, తరువాత జమ్మలమడుగులో ఆసుపత్రి నెలకొల్పిన లండన్ మిషనరీ సొసైటీ వారి సంఘములు ఒక శాఖకు చెందినవి. కలసపాడు, ముత్యాలపాడు వైపు పనిచేసిన ఆంగ్లికన్ మిషను వారి సంఘములు మరియొక శాఖకు చెందినవి. ఒకే ప్రభువును కొలుచుచు ఒకరి బల్లవద్ద ఒకరు కూర్చుండని ఈ శాఖలు ఒక్కటి కావలెనని జీవితములో సగభాగమును ధారపోసిన వారిలో అజరయ్య ముఖ్యుడు. ఆ మూడక్షరములను ఏ గోడమీదను చూడకుండగనే ఆయన కన్నుమూసెను. కనుక ఆయన కథ మన జిల్లా కథలో కూడ ఒక భాగమే.

బాల్యము, విద్య

అజరయ్య 1874వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన నాటి తిరునెల్వేలి జిల్లాలోని వెళ్ళాలన్‌విళై అను చిన్న గ్రామములో జన్మించెను. తండ్రి థామస్ వేదనాయకం హిందూ మతమునుండి క్రైస్తవుడై, ఆంగ్లికన్ సంఘములో గురువుగా ఆ గ్రామమునందే సేవ చేయుచుండెను. తల్లి పేరు ఎల్లెన్. వారు నాడార్ కులస్థులు. ఆ కులములో అనేకులు తాటిచెట్లు ఎక్కి కల్లు, బెల్లము తీసి బ్రతికెడివారు. దేవాలయ ప్రవేశము కూడ లేక అవమానములు పడినవారు. చాలకాలము ఎదురుచూచిన పిదప పుట్టిన మగబిడ్డ గనుక, ప్రార్థనవలన హన్నాకు కలిగిన కుమారుని పేరునే శామ్యూల్ అని ఆ బిడ్డకు పెట్టుకొనిరి.

1889లో తండ్రి మరణించెను. కుమారుని పెంపకభారమంతయు తల్లిమీద పడెను. భక్తి, క్రమశిక్షణ ఆమె నేర్పిన మొదటి పాఠములు. తిరునెల్వేలిలో చదువు ముగించి అజరయ్య మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరెను. గణితము ఆయన అభ్యసించిన విషయము. అయితే పట్టపరీక్షల సమయమునకు జబ్బుపడుటచే పరీక్ష పూర్తిచేయలేకపోయెను. పట్టము లేకయే కళాశాల విడిచెను. నాటి దినములలో బి.ఏ. పట్టమునకున్న విలువను పెద్దలెరుగుదురు. పేదగురువు కుమారునికి, తండ్రిలేని యువకునికి అది చిన్న దెబ్బ కాదు. చూచువారికి ఆ త్రోవ మూసికొనిపోయినట్లే తోచెను. దేవుడు ఒక వాకిలి మూసినపుడు మరియొకటి వెదకవలెనని నమ్మిన ఆ యువకుడు 1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా పనికి కుదిరెను.

పదునాలుగేండ్ల తిరుగుడు

1895 నుండి 1909 వరకు పదునాలుగేండ్లు ఆయన దక్షిణ దేశమంతయు తిరిగి యువజనుల మధ్య పనిచేసెను. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహమాడెను. దక్షిణ దేశపు క్రైస్తవ స్త్రీలలో కళాశాల విద్య నభ్యసించిన మొదటివారిలో ఆమె యొకతె. కట్నకానుకల ఆర్భాటము లేక, మిక్కిలి తక్కువ ఖర్చుతో ఆ పెండ్లి జరిగెను. తరువాత డోర్నకల్లులో స్త్రీల నడుమ జరిగిన పనికంతకు ఆమెయే ఆధారమయ్యెను.

1902లో ఆయన సింహళములోని జాఫ్నాకు వెళ్ళెను. అచ్చటి తమిళ క్రైస్తవులు తమ సొంత ధనముతో, తమ సొంత మనుష్యులతో ఇతర ప్రాంతములలో సేవ చేయించుట చూచి అజరయ్యకు సిగ్గును పట్టుదలయు ఒక్కమారే కలిగినవి. మన దేశపు క్రైస్తవులు ఎల్లకాలము సీమనుండి వచ్చు డబ్బుమీద, సీమదొరల నాయకత్వముమీద ఆధారపడి యుండవలసినదేనా అని ఆయన ఆలోచించెను. ఆ ఆలోచనయే 1903 ఫిబ్రవరిలో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీగా రూపొందెను. 1905 క్రిస్మసు దినమున శ్రీరాంపురములో నేషనల్ మిషనరీ సొసైటీ కూడ స్థాపింపబడెను. దాని స్థాపకులలోను ఆయన యొకడు.

తిరునెల్వేలి సొసైటీ వారు తమ సేవకు ఎన్నుకొన్న స్థలము నైజాము రాజ్యములోని డోర్నకల్లు. అచ్చటి ప్రభుత్వభాష ఉర్దూ, ప్రజల నోటిభాష తెలుగు. తమిళులకు రెండును క్రొత్తవే. ఊరివారిని పంపి తాను మద్రాసులో కూర్చుండుట అజరయ్య మనస్సునకు ఒప్పలేదు. పరులను పొమ్మని చెప్పు నోరు తన కాళ్ళకు ఎందుకు చెప్పదని ఆయనను ఆ ప్రశ్న బాధించెను. 1909లో గురుపట్టాభిషేకము పొంది, మంచి ఉద్యోగమును విడిచి, భార్యాబిడ్డలతో డోర్నకల్లు చేరెను. అప్పటికి ఆయనకు ముప్పదియైదేండ్లు. కొంతకాలము గుడారమే ఇల్లు. ఆ వయస్సులో అక్షరాభ్యాసమునుండి తెలుగు నేర్చికొని, పల్లెప్రజలతో వారి మాటలో మాటలాడగలిగినంత వరకు ఆయన విశ్రమింపలేదు.

ఎడింబరో సభ, బిషప్ పదవి

1910లో స్కాట్లండు దేశమందలి ఎడింబరో నగరములో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. సుమారు 1200 మంది ప్రతినిధులలో ఆసియా ఖండమువారు ఇరువదిమందికి మించలేదు. వారిలో అజరయ్య యొకడు. ఆయన ఆ సభలో చేసిన ప్రసంగము నేటికిని చరిత్రకారులు చెప్పుకొందురు. మిషనరీలు ధనమిచ్చుచున్నారు, ప్రాణములు కూడ అర్పించుచున్నారు. అయినను దేశీయులను సరిసమానులుగా ఎంచి ప్రక్కన కూర్చుండబెట్టుకొను స్నేహము కొరతగా నున్నదని ఆయన నిర్భయముగా చెప్పెను. సభలో కొందరికి కోపము వచ్చెను, కొందరు తలలు వంచుకొనిరి. ఉపకారము పొందినవాడు ఉపకారి ముందర నిలిచి మర్యాద తప్పక నిజము చెప్పుట ఎంత కష్టమో మనమెరుగుదుము.

మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ అజరయ్యను డోర్నకల్లునకు బిషప్‌గా చేయవలెనని తలచినపుడు అభ్యంతరములు అన్ని వైపులనుండి వచ్చినవి. భారతీయుడు అంత పెద్ద పదవిని మోయగలడా, ఆంగ్లేయ గురువులు అతని క్రింద పనిచేయుదురా అని దొరలలో కొందరు శంకించిరి. ఒక కులమునుండి వచ్చినవాడు అందరిని సమముగా చూచునా అని దేశీయులలోను కొందరు సందేహించిరి. ఈ వాదప్రతివాదములు సాగినంతకాలము ఆయన తన పల్లెలలో తన పని చేసికొనుచుండెను. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తా సెంట్ పాల్ కెథెడ్రల్‌లో ఆయనకు అభిషేకము జరిగెను. ఆంగ్లికన్ సంఘములో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనయే. అప్పటికి ఆయన వయస్సు 38 సంవత్సరములు.

పల్లెలలో సేవ

మొదట డోర్నకల్లు అధ్యక్ష మండలము చాల చిన్నది. దేశీయ గురువులు వ్రేళ్ళమీద లెక్కింపదగినంతమంది. 1920 తరువాతి సంవత్సరములలో కృష్ణా తీరపు సంఘములును, కర్నూలు, కడప జిల్లాలలోని ఆంగ్లికన్ సంఘములును దానిలో చేరినవి. ఆ విధముగా మన జిల్లాలోని కొన్ని పల్లెలు కూడ ఆయన పాలనలోనికి వచ్చినవి. ఆయన ఎద్దులబండిమీదను, సైకిలుమీదను ఊరూర తిరిగెను. రాత్రులందు పల్లెవారి నడుమ కూర్చుండి పాటలు పాడించి, ప్రశ్నలడిగి, చదువురాని వారిచేత కూడ విశ్వాసపాఠములను కంఠస్థము చేయించెను.

ఆ సంఘములలో చేరినవారిలో అత్యధికులు మాలలు, మాదిగలు. అనగా ఊరికి వెలుపల నివసించుచు, ఊరి బావిని తాకనీయబడని వారు. వారిలో వారికి కూడ ఒకరి చేతి నీరు ఒకరు త్రాగని పట్టింపులుండెను. క్రీస్తు బల్లవద్దకు వచ్చువారు కులమును గుమ్మము వెలుపల విడిచి రావలెనని అజరయ్య గట్టిగా బోధించెను. ఒక్కనాటితో సాధ్యమగు పని కాదది. ఎన్ని పర్యాయములు బోధించినను పాతమాట మరల తలయెత్తుచుండెను. ఆయన విసుగక మరల మొదటినుండి చెప్పెను. త్రాగుడు మానుట, శుభ్రముగా నుండుట, బిడ్డలను బడికి పంపుట, అప్పులు చేయకుండుట ఇవన్నియు ఆయన బోధలో భాగములే. గురువులు కాబోవు వారిని భార్యలతో సహా చేర్చుకొని ఇరువురికిని చదువు చెప్పించెను. ఇల్లాలికి రాని చదువు ఇంటికి రాదని ఆయన ఎరిగినవాడు.

పేదవాడైనను దేవునికి ఈయవలెనని ఆయన పట్టుబట్టెను. పుచ్చుకొనుటయే అలవాటైన సంఘము ఎన్నటికిని తన కాళ్ళమీద నిలువజాలదని ఆయన దృఢవిశ్వాసము. పొయ్యిమీద ఎసరు పెట్టునపుడు తీసియుంచిన పిడికెడు బియ్యము, పంటకాలపు తొలి ధాన్యము, కోడిగ్రుడ్లు ఇవియే ఆ పల్లెల కానుకలు. ఈ విషయమును గూర్చి క్రైస్తవ దానము అను అర్థము గల పేరుతో ఆయన ఆంగ్లములో ఒక గ్రంథము కూడ వ్రాసెను.

1930 తరువాతి దశకము మధ్యకు వచ్చునప్పటికి ఆ మండలములో సుమారు 250 మంది దేశీయ గురువులును, రెండువేలకు పైగా గ్రామోపాధ్యాయులును పనిచేయుచుండిరి. 1941 నాటికి క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటెను. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఆయనకు ఎల్.ఎల్.డి. గౌరవ పట్టము నొసగెను. జబ్బుచేత బి.ఏ. పోగొట్టుకొన్న విద్యార్థి ఇతడేనని తలంచుకొన్నపుడు మాకు ఆశ్చర్యమును ఆనందమును కలుగుచున్నవి.

ఆయన అభిప్రాయములన్నియు అందరికిని నచ్చినవి కావు. 1932లో మతములవారీ నియోజకవర్గముల ప్రశ్న వచ్చినపుడు క్రైస్తవులకు ప్రత్యేక స్థానములు వలదని, అట్టివి తమను దేశప్రజలనుండి వేరుచేయునని ఆయన వాదించెను. మతాంతరీకరణ విషయమున మహాత్మా గాంధీతో ఆయనకు తీవ్రమైన భేదాభిప్రాయముండెను. ఇరువురును తమ తమ విశ్వాసములను దాచుకొనక చెప్పినవారే. ఎవరి పక్షము వహించు పాఠకులైనను, అధికసంఖ్యాకుల మెప్పు కొరకు గాని, ప్రభుత్వము చూపు లాభము కొరకు గాని ఆయన తన మాట మార్చుకొనలేదని ఒప్పుకొందురు.

ఇరువదియైదేండ్ల దేవాలయము

అజరయ్య ఓర్పునకు రెండు సాక్ష్యములున్నవి. మొదటిది రాతితో కట్టినది. డోర్నకల్లులో ఒక కెథెడ్రల్ నిర్మింపవలెనని ఆయన సంకల్పించెను. అది సీమలోని చర్చిలకు నకలు కారాదని, ఈ దేశపు ప్రజలు తమదిగా భావింపదగినదై యుండవలెనని ఆయన కోరిక. అందుచే మసీదులకుండు గుమ్మటములు, మినారులు, హిందూ దేవాలయముల పద్ధతిని చెక్కిన స్తంభములు, తామరపూవులు, వీనియన్నిటి నడుమ సిలువ, ఇట్లు ఆ కట్టడము రూపొందెను. గండికోటలో జుమ్మా మసీదును మాధవరాయ దేవాలయమును ఒకే ప్రాకారములో చూచిన మన జిల్లా విద్యార్థులకు ఆ భావము సులభముగా బోధపడును. గండికోటలో ప్రక్క ప్రక్కన నున్నవి డోర్నకల్లులో ఒకే కప్పు క్రింద కలిసినవి.

ఆ నిర్మాణమునకు దాదాపు ఇరువదియైదేండ్లు పట్టెను. ధనము చేకూరినపుడు పని సాగెను, లేనపుడు ఆగెను. సగము లేచిన గోడలను చూచి నవ్వినవారు కూడ ఉండియుందురు. ఆ గోడల నీడలోనే ఆయన నల్లని తల తెల్లబడెను. కడకు 1939 జనవరి 6వ తేదీన, క్రీస్తు ప్రత్యక్షతా పండుగనాడు, ఆ దేవాలయ ప్రతిష్ఠ జరిగెను. నేడు మహబూబాబాదు జిల్లాలో చేరిన డోర్నకల్లులో అది చెక్కుచెదరక నిలిచియున్నది. చిన్న సమాజములకొరకు విద్యాసంస్థలను నడుపు పెద్దలకు, నిధులు వచ్చినపుడు ఒక గది, రానపుడు ఒక నిట్టూర్పుగా కట్టడములు లేచుట క్రొత్త విషయము కాదు. కళాశాల కార్యవర్గము వారికి ఈ ఘట్టము మిక్కిలి ఆత్మీయముగా తోచునని మా నమ్మకము.

చూడకనే విడిచిన ఫలము

రెండవ సాక్ష్యము కంటికి కనబడు కట్టడము కాదు. 1919 మే నెలలో తరంగంబాడిలో ముప్పదిమందికి పైగా క్రైస్తవ గురువులు సమావేశమైరి. వారిలో ఇద్దరు తప్ప అందరును భారతీయులు. అజరయ్య ఆంగ్లికన్ పక్షమునను, 1908లో ఏర్పడిన సౌత్ ఇండియా యునైటెడ్ చర్చి పక్షమున మరికొందరును కూర్చుండి, సీమలో పుట్టిన తగవులను మన దేశములో ఎందుకు మోయవలెనని ప్రశ్నించుకొనిరి. మన కడప జమ్మలమడుగు లండన్ మిషను సంఘములు ఆ యునైటెడ్ చర్చిలోనివే. శాఖలన్నియు ఏకము కావలెనని ఆనాడు వారు ప్రకటించిరి. తరువాత మెథడిస్టులు కూడ ఆ సంప్రదింపులలో చేరిరి.

చర్చలు ఆ సంవత్సరము ముగియలేదు, ఆ దశకములో ముగియలేదు. బిషప్‌లు ఉండవలెనా, ఎవరి అభిషేకము చెల్లును, ప్రభురాత్రి భోజనమును ఎవరు పంచవచ్చును, ఇట్టి ప్రశ్నలపై సభ వెంట సభ జరిగెను. ఒకరొప్పిన మాటను మరియొకరు కాదనిరి. ముసాయిదాలు మరల మరల తిరుగవ్రాయబడినవి. 1927లో స్విట్జర్లండులోని లొసాన్ మహాసభలో కూడ అజరయ్య ఈ విషయమునే ప్రస్తావించెను. పాశ్చాత్యులకు ఐక్యత యనునది ఒక మంచి తలంపు మాత్రమే కావచ్చును గాని, అన్యమతస్థుల నడుమ కొద్దిమందిగా బ్రతుకు సంఘములకు అది ప్రాణావసరమని ఆయన వాదన. డోర్నకల్లు పల్లెలలో కులభేదము మానుడని చెప్పు గురువులు తాము మాత్రము శాఖాభేదమును పాటించుచుండిన వినువారు నమ్మెదరా? ఆయనను నిద్రపోనీయని ప్రశ్న ఇదియే.

ఇరువదియైదేండ్లకు పైగా ఆ చర్చలలో పాల్గొని, నిరాశకు లోబడక, ఆయన 1945 జనవరి 1వ తేదీన డోర్నకల్లులో పరమపదించెను. తాను కట్టించిన దేవాలయ ప్రాంగణములోనే ఆయన సమాధి యున్నది. ఆనాటికి ఏకీకరణము జరుగలేదు. అంతవరకును ఆంగ్లికన్ సంఘములో ఒక మండలమును ఏలిన భారతీయుడు ఆయన యొక్కడే.

రెండు సంవత్సరముల తొమ్మిది నెలలు గడచినవి. దేశము స్వతంత్రమైన ఆరువారములకు, 1947 సెప్టెంబరు 27వ తేదీన, మద్రాసు సెంట్ జార్జి కెథెడ్రల్‌లో ఆంగ్లికన్, యునైటెడ్ చర్చి, మెథడిస్టు సంఘములు కలిసి దక్షిణ ఇండియా సంఘముగా ఏర్పడినవి. మన జమ్మలమడుగు సంఘములు ఆనాడు అందులో చేరి, నేడు రాయలసీమ అధ్యక్ష మండలములో నున్నవి. అందరును చేరిరని చెప్పుట సత్యము కాదు. నంద్యాల ప్రాంతములో అజరయ్య పాలించిన ఆంగ్లికన్ సంఘములే కొన్ని వెలుపల నిలిచినవి. ఆ గాయము మానుటకు చాలకాలము పట్టెను. గొప్పపనులు సంపూర్ణముగా ముగియవు. ఒకరు విడిచినచోట మరియొకరు పట్టుకొనవలసి యుండును.

మేము గ్రహించినది

ఈ జీవితమునుండి మేము గ్రహించినది ఒక్క విషయము. దేవుడు మనుష్యునికి పనిని నియమించును గాని, దాని ముగింపును ఎల్లప్పుడు చూపడు. అజరయ్య ఆరంభించిన రెండింటిలో ఒకదానిని ఆయన చూచెను, మరియొకదానిని చూడలేదు. రెండింటికొరకును ఆయన పడిన శ్రమలో భేదము లేదు. చూడబోవు దానికి ఎక్కువగాను, చూడని దానికి తక్కువగాను ఆయన పనిచేయలేదు. తన భాగ్యము తన చేతిలోని పనియందే యున్నదని నమ్మినవానికే ఇది సాధ్యము. క్రైస్తవులు దీనిని నిరీక్షణ అందురు. ఉర్దూవారు ఇస్తిఖామత్ అనునది కూడ దీనికి మిక్కిలి దగ్గరగా నున్నది.

ఒక్కసారి పరీక్ష తప్పగనే పుస్తకములు కట్టివేయు విద్యార్థులను మేము చూచియున్నాము. ఇంటివద్ద చదువుకొనినవారు లేక, ఫీజు కట్టుటకు తల్లి పుస్తె కుదువబెట్టవలసి వచ్చి, ఓటమిని భరింపలేక కృంగిపోవు బిడ్డలు మన పల్లెలలో ఎందరో యున్నారు. వారితో మేము చెప్పదలచినది ఇంతే. మద్రాసులో పరీక్ష వ్రాయలేక తిరిగివచ్చిన ఒక పేద యువకుడు తన నుదుట దేవుడు ఏమి వ్రాసెనో ఆ దినమున ఎరుగడు. ముప్పదియైదవ యేట పరాయి గ్రామములో క్రొత్తభాష అక్షరములు దిద్దుకొనునపుడు కూడ ఎరుగడు. ఆ దినపు పనిని ఆ దినము చేసెను. మరునాడు మరల చేసెను.

ఇకమీదట జమ్మలమడుగు త్రోవలో పోవునపుడు ఆ మూడక్షరములు కంటబడినచో, వానిని చూడకనే వానికొరకు పాటుపడినవానిని మా విద్యార్థులు ఒక్క క్షణము తలంచుకొందురు గాక. తమకు నియమింపబడిన పనిని గుర్తించి, దానిని ఓరిమితో కడవరకు సాగించు శక్తిని సర్వేశ్వరుడు వారికందరికిని ప్రసాదించుగాక అని ప్రార్థించుచు ముగించుచున్నాము.